పంటి క్యాప్‌లు అంటించే సిమెంట్లు, 4వ పాఠం: ఉక్కపోతలో సిమెంటు

పన్ను చెక్కాక మిగిలిన ఎత్తు, గోడల వాలు చూసుకోవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. సిమెంటు ఎంపిక ఆ రెంటితోనే మొదలవుతుంది.

దవడ పన్నుకు 4 మిల్లీమీటర్ల ఎత్తు మిగిలి, గోడలు దాదాపు నిటారుగా ఉంటే మెటల్, పీఎఫ్ఎం (మెటల్ మీద పింగాణీ పూసినవి), జిర్కోనియా (తెల్లటి గట్టి పింగాణీ) క్యాప్‌లకు గ్లాస్ అయనోమర్ (గాజు పొడిని ఆమ్ల ద్రవంతో కలిపే సిమెంటు) చాలు. పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది, ఖరీదూ తక్కువే. చిగురు పక్కన తడి పూర్తిగా ఆగడం లేదంటే రెసిన్ (ప్లాస్టిక్ జాతి పదార్థం) కలిసిన అయనోమర్ మేలు. పన్ను పొట్టిదై, గోడలు బాగా వాలిపోతే మాత్రం రెసిన్ సిమెంటు తప్పదు. పంటి ముందు వైపు అంటించే పల్చటి వెనీర్లకూ అదే. ఒక్క షరతు: పన్ను పొడిగా ఉండాలి. రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ కట్టే రబ్బరు పొర) కట్టడం కుదరని చోట అంత ఖరీదైన రెసిన్ జోలికి పోవద్దనే చెబుతాను. రెసిన్ వాడాలనుకుంటే తాత్కాలిక క్యాప్‌ని కూడా యూజినాల్ (లవంగ నూనెలో ఉండే పదార్థం) లేని సిమెంటుతోనే పెట్టండి. యూజినాల్ మిగిలితే రెసిన్ సరిగ్గా గట్టిపడదు.

ఇక మన వాతావరణం సంగతి. సిమెంట్లను ప్రమాణాల ప్రకారం పరీక్షించేది 23 డిగ్రీల గదిలో. మే నెలలో అమలాపురంలోనో పాలకొల్లులోనో ఏసీ ఆగిన గది అలా ఉండదు. వేడికి సిమెంటు తొందరపడుతుంది. అందుకని చాలామంది సిమెంటు కలిపే గాజు పలకను ఫ్రిజ్‌లో పెడతారు. ఆలోచన మంచిదే. కానీ బయటికి తీయగానే సోడా సీసాకి పట్టినట్టు పలకకీ చెమట పడుతుంది. జింక్ ఫాస్ఫేట్ అనే పాత రకం సిమెంటులో ఆ నీరు కలిస్తే ఇంకా త్వరగా బిగుసుకుంటుంది. చల్లదనంతో వచ్చిన వ్యవధి కాస్తా ఆ తడితో పోతుంది. పలక మీద వేలితో గీయండి. గీత పడిందంటే తేమ పట్టినట్టే. పొడిగుడ్డతో తుడిచి కాసేపు ఆగి, మళ్లీ మసకబారకపోతేనే సిమెంటు పొడి వేయండి. అయనోమర్ ద్రవాన్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, చిక్కబడుతుంది. పొడి సీసా మూత వెంటనే బిగించాలి.

కలిపిన అయనోమర్‌కి తడి మెరుపు ఉండాలి. ఆ మెరుపు పోయిందంటే పంటిని పట్టుకునే శక్తి తగ్గినట్టే. క్యాప్‌లో నింపకుండా పారేసి మళ్లీ కలపండి. ఇక్కడ పొదుపు చూడకండి. క్యాప్ ఊడితే సఖినేటిపల్లి నుంచి పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వచ్చిన మనిషికి మరో రోజు కూలి పోతుంది.

ఈ వారం సాధన: మీ గదిలోనే, ఒకే పాళ్లలో అయనోమర్ మూడుసార్లు కలపండి: పొద్దున, మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయిన వేళ. మెరుపు ఎన్ని సెకన్లు నిలిచిందో, అప్పటి గది ఉష్ణోగ్రత ఎంతో రాసి, ఆ కాగితం సిమెంటు డబ్బాకే అంటించండి.

వచ్చే పాఠంలో జిర్కోనియా క్యాప్‌ను నోట్లో పెట్టి చూశాక, ఉమ్మి తగిలిన లోపలి వైపును ఎలా శుభ్రం చేయాలో, దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఎందుకు పనికిరాదో చూద్దాం.