రొమ్ము, హార్మోన్లు – 3వ పాఠం: ముందు తేదీ చూడాలి, తర్వాతే తడమాలి

మొదటి పాఠంలో రొమ్ము లోపలి నిర్మాణం చూశాం. 15 నుంచి 20 వరకు లోబులు (గ్రంథి భాగాలు), వాటి నుంచి చనుమొన వైపు సాగే నాళాలు, ఆ నాళాల కొసల్లో గుత్తులుగా లోబ్యూళ్లు (పాలు తయారయ్యే చిన్న గ్రంథులు), చుట్టూ కొవ్వు, పీచు కణజాలం. రెండో పాఠంలో యుక్తవయసు గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు నెలసరి చక్రం. ఈ పాఠం అయ్యేసరికి మీకు పట్టుబడాల్సిన పని ఒక్కటే: క్యాలెండర్ చూసి, ఇవాళ రొమ్ము ఎలా ఉండే అవకాశం ఉందో చేయి పెట్టకముందే చెప్పగలగడం.

"ఈస్ట్రోజన్ ఎక్కువైంది, అందుకే రొమ్ములు బరువెక్కాయి" అనే మాట అందరూ అనేస్తుంటారు. సగమే నిజం. మిగతా సగం, అండం విడుదలయ్యాక పెరిగే ఇంకో హార్మోన్ ప్రొజెస్టరాన్‌ది. ఈ సగం తెలియకపోతే నెలలో ఏ మార్పు ఎందుకు వచ్చిందో అంతుపట్టదు.

కబురు ఒకరికి, పని ఇంకొకరికి

రక్తంలో ఈస్ట్రోజన్ ఎంత ఉన్నా, రిసెప్టర్ (హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్) ఉన్న కణానికే దాని మాట వినపడుతుంది. మామూలు రొమ్ములో నాళాల లోపలి పొర కణాల్లో కొద్ది శాతానికే ఈ రిసెప్టర్ ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, ఆ కణాలు సాధారణంగా తాము విభజన చెందవు. కబురు అందుకుని పక్క కణాలకు రసాయన సంకేతాలు పంపుతాయి. పెరిగేది ఆ పక్కవాళ్లు. ఈస్ట్రోజన్ వైపు నుంచి వెళ్లే సంకేతాల్లో ముఖ్యమైనది ఆంఫీరెగ్యులిన్, ప్రొజెస్టరాన్ వైపు నుంచి వెళ్లేది రాంక్ లిగాండ్. రిసెప్టర్ ఉన్న క్యాన్సర్‌లో ఈ కట్టుబాటు తెగిపోతుంది. కబురు అందుకున్న కణమే విభజన కూడా మొదలుపెడుతుంది. టామాక్సిఫెన్ లాంటి మందు ఆ రిసెప్టర్‌ను ఆక్రమించి పెరుగుదలను ఆపగలిగేది అందుకే.

ఇంకో ముడి కూడా ఉంది. ప్రొజెస్టరాన్ రిసెప్టర్ తయారు కావాలంటే ముందు ఈస్ట్రోజన్ పని చేసి ఉండాలి. అంటే నెల మొదటి సగంలో ఈస్ట్రోజన్ రంగం సిద్ధం చేస్తుంది, రెండో సగంలో ప్రొజెస్టరాన్ వచ్చి పని నడిపిస్తుంది. వరుస తారుమారైతే ఫలితం వేరుగా ఉంటుంది.

గర్భాశయంతో పోల్చి చదివినవాళ్లు పొరబడేది ఇక్కడే. గర్భాశయం లోపలి పొర నెల మొదటి సగంలో, ఈస్ట్రోజన్ కాలంలో పెరుగుతుంది. ప్రొజెస్టరాన్ వచ్చాక ఆ పెరుగుదల ఆగుతుంది. రొమ్ములో దీనికి తిరగబడి ఉంటుంది. కణ విభజన ఎక్కువగా జరిగేది అండం విడుదలయ్యాక, 28 రోజుల చక్రంలో దాదాపు 25వ రోజు దగ్గర. ఆ తర్వాత రెండు మూడు రోజులకు, నెలసరి ముంగిట, పెరిగిన కణాల్లో కొన్ని రాలిపోతాయి. ప్రతి నెలా చిన్న ఎత్తున కట్టడం, కూల్చడం అన్నమాట.

మందుల విషయంలోనూ ఈ తేడా బయటపడింది. అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధనలో, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్‌లా పనిచేసే మందు) కలిపి ఇచ్చిన భాగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 30 ఉంటే, అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో 38 తేలాయి. గర్భసంచి తీసేసిన స్త్రీలకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఇది ఆ పరిశోధనలో వాడిన మందులకు సంబంధించిన లెక్క. ప్రతి హార్మోన్ మాత్రకూ దీన్నే అంటగట్టకూడదు.

రోజులు లెక్కించడం

1వ రోజు అంటే రక్తస్రావం మొదలైన రోజు. ఆగిన రోజు కాదు. చిన్నగా మరక కనిపించిన రోజును లెక్కలోకి తీసుకోకండి, సరిగా స్రావం మొదలైన రోజే తీసుకోండి. చాలా పట్టికలు ఈ ఒక్క తప్పుతోనే నాలుగైదు రోజులు పక్కకు జరుగుతాయి.

రెండో తప్పు, అండం 14వ రోజున విడుదలవుతుందని గుడ్డిగా నమ్మడం. చక్రంలో ఎక్కువగా సాగేది, కుదించుకుపోయేది మొదటి సగం. రెండో సగం చాలామందిలో దాదాపు 14 రోజుల దగ్గరే నిలబడుతుంది. కాబట్టి ముందు నుంచి కాదు, వెనక నుంచి లెక్కించాలి.

ఒక ఉదాహరణ. మార్చి 3న నెలసరి వచ్చింది, తర్వాతిది ఏప్రిల్ 3న. చక్రం 31 రోజులు. ఏప్రిల్ 3 నుంచి 14 రోజులు వెనక్కి వెళితే మార్చి 20. అది 18వ రోజు. ప్రొజెస్టరాన్ శిఖరానికి చేరేది అక్కడి నుంచి సుమారు వారానికి, అంటే మార్చి 27 ప్రాంతంలో. 14వ రోజు సూత్రం పట్టుకున్నవాళ్లు అండం మార్చి 16నే విడుదలైందనుకుంటారు. ఇదే స్త్రీకి "21వ రోజు ప్రొజెస్టరాన్ పరీక్ష" అని మార్చి 23న రక్తం తీస్తే, అండం విడుదలై మూడు రోజులే అయి ఉంటుంది. విలువ తక్కువగా వస్తుంది, అండమే విడుదల కాలేదని పొరబడతారు. పరీక్ష తప్పు కాదు, తేదీ తప్పు.

ఏ వారం చేతికి ఎలా తగులుతుంది

నెలసరి మొదలైన 7వ రోజు నుంచి 10వ రోజు వరకు రొమ్ము మెత్తగా, నొప్పి తక్కువగా ఉంటుంది. రెండు హార్మోన్లూ తగ్గి, వాపు దిగిపోయి ఉంటుంది. తడిమి చూసుకోవడానికి అనువైన రోజులు ఇవే. ఎంఆర్ఐ స్కాన్ కూడా వీలైతే చక్రంలో రెండో వారంలో తీస్తారు. వేరే రోజుల్లో మామూలు కణజాలం కూడా స్కాన్ కోసం రక్తంలోకి ఎక్కించే మందును పీల్చుకుని మెరిసి, చూసేవాళ్లను తికమకపెడుతుంది.

అండం విడుదలయ్యాక కథ మారుతుంది. రక్తప్రసరణ పెరుగుతుంది, లోబ్యూళ్ల మధ్య పీచు కణజాలంలోకి నీరు చేరుతుంది. రొమ్ము బరువెక్కుతుంది, ముఖ్యంగా చంక వైపున్న పైభాగంలో. అక్కడ గ్రంథి కణజాలం ఎక్కువ. పలచటి సంచిలో బఠానీలు పోసి పైనుంచి నిమిరితే ఎలా ఉంటుందో అలా గరుకుగా, బొడిపెలుగా తగులుతుంది. అది రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటే, నెలసరి వచ్చాక సర్దుకుంటే, హార్మోన్ల పని అనుకోవచ్చు.

తడిమే పద్ధతి: వెల్లకిలా పడుకుని ఆ వైపు చేయి తల కింద పెట్టుకోండి. రెండో చేతి మూడు మధ్యవేళ్ల మెత్తటి భాగంతో, వేళ్ల కొసలతో కాదు, చిన్న సున్నాలు చుట్టినట్టు కదపండి. ఒక్కో చోట మూడు ఒత్తిళ్లు: చర్మం కదిలేంత, కాస్త లోతుగా, పక్కటెముక తగిలేంత. కాలర్ ఎముక నుంచి రొమ్ము అడుగు మడత వరకు, చంక నుంచి ఛాతీ మధ్య ఎముక వరకు, నిలువు చారలుగా వెళ్లండి. రొమ్ము అడుగు మడత దగ్గర అడ్డంగా ఒక గట్టి గట్టులా తగులుతుంది. అది చాలామందిలో మామూలే, కొత్తవాళ్లు గడ్డ అని బెదిరిపోయేది దాన్ని చూసే. చనుమొనను రోజూ పిండి చూడకండి. ఆ ప్రేరణకే ప్రొలాక్టిన్ (పాలు తయారు చేయించే హార్మోన్) పెరిగి స్రావం రావచ్చు.

ఒక హెచ్చరిక ఇక్కడే. షాంఘైలో 2,66,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. స్వీయ పరీక్ష నేర్పినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు తగ్గలేదు, అనవసరపు బయాప్సీలు (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) మాత్రం పెరిగాయి. కాబట్టి ఈ విద్య రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌కు బదులు కాదు. మీ మామూలు ఏమిటో మీకు తెలిసి ఉంటే, మామూలు కానిది వచ్చినప్పుడు త్వరగా పసిగడతారు, అంతే.

పట్టిక

రెండు చక్రాలు పూర్తిగా రాయండి. ఒక్క నెలతో ఏదీ తేలదు. రోజూ పడుకునే ముందు నాలుగు గడులు: చక్రంలో ఎన్నో రోజు, నొప్పి 0 నుంచి 10, ఏ వైపు ఏ భాగం, ఆ రోజు మింగిన మందులు. చివరి గడిని వదిలేసేవాళ్లే ఎక్కువ. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్, మానసిక రుగ్మతలకు వాడే రిస్పెరిడోన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. నెలసరే గతి తప్పవచ్చు, చనుమొన నుంచి పాలు కారవచ్చు. థైరాయిడ్ మందగించినా ఇదే జరగవచ్చు.

నొప్పి నెలసరికి ముందు వారంలో ఎక్కి, స్రావం మొదలవగానే దిగిపోతూ, రెండు నెలలూ అలాగే ఉంటే అది చక్రాన్ని అనుసరించే నొప్పి. తేదీతో పొంతన లేకుండా ఎప్పుడూ ఒకే చోట ఉంటే ఛాతీ గోడను అనుమానించండి. దాన్ని తేల్చే చిన్న ఉపాయం ఉంది. నొప్పి లేని వైపుకు ఒత్తిగిలి పడుకుంటే నొప్పి ఉన్న రొమ్ము మధ్యకు జారుతుంది. అప్పుడు ఖాళీ అయిన చోట పక్కటెముకను వేలితో నొక్కండి. అదే నొప్పి పుడితే మూలం ఎముకదో కండరానిదో, రొమ్ముది కాదు.

నెలసరి లేనివాళ్లు ఏం చేయాలి? అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసేస్తే స్రావం ఉండదు కానీ చక్రం లోపల నడుస్తూనే ఉంటుంది. రొమ్ము బరువు దిగిన రోజును గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతి వారంలో చూసుకోవాలి. 28 మాత్రల గర్భనిరోధక ప్యాకెట్ వాడేవాళ్లు హార్మోన్ లేని మాత్రలు ముగిసే రోజుల్లో. పాలిచ్చే తల్లులు బిడ్డ తాగాక, రొమ్ము ఖాళీగా ఉన్నప్పుడు. నెలసరి పూర్తిగా ఆగినవాళ్లు ప్రతి నెలా ఒకే తేదీన.

కొన్ని లక్షణాలకు పట్టిక అక్కర్లేదు, నెల ఆగనూ అక్కర్లేదు: చర్మం లోపలికి లాగినట్టు సొట్ట, కొత్తగా లోపలికి తిరిగిన చనుమొన, నొక్కకుండానే ఒక వైపు నుంచి రక్తం, చనుమొన మీద మానని పుండు, చంకలో గడ్డ, రాయిలా గట్టిగా కదలని గడ్డ. ఇవి కనిపిస్తే ఆ వారమే డాక్టర్ దగ్గరికి.

అభ్యాసం

పై ఉదాహరణలోని స్త్రీ పట్టికలో మార్చి 24 నుంచి ఏప్రిల్ 2 వరకు రెండు వైపులా నొప్పి 4, 5 అని ఉంది. ఏప్రిల్ 4 నుంచి 0. మార్చి 28న కుడి రొమ్ము చంక వైపు ఒక బొడిపె తగిలిందని రాసుకుంది. పైన చెప్పిన హెచ్చరిక గుర్తులేవీ లేవు. ఆమె మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి? జవాబు చదవకముందు వేళ్ల మీద లెక్కపెట్టండి.

ఏప్రిల్ 3 మొదటి రోజు కాబట్టి 7 నుంచి 10వ రోజు వరకు అంటే ఏప్రిల్ 9 నుంచి 12. నొప్పి ఎక్కిన తేదీలు ప్రొజెస్టరాన్ కాలంతో సరిపోయాయి కనుక నొప్పి చక్రానిదే. బొడిపె సంగతి మాత్రం విడిగా తేల్చాలి. ఏప్రిల్ 9 తర్వాత కూడా అదే చోట ఉంటే, నొప్పి తగ్గింది కదా అని ఊరుకోకుండా చూపించుకోవాలి. వచ్చే పాఠం గర్భధారణ, పాల ఉత్పత్తి గురించి. మావి బయటికి వచ్చి ప్రొజెస్టరాన్ పడిపోయాకే పాలు ఎందుకు దిగుతాయో అక్కడ చూద్దాం. ఈలోగా మీ మొదటి చక్రం పట్టిక రాయడం మొదలుపెట్టండి.