నీడ గడియారం గోడకెక్కించకండి, డాబా మీద వాలుగా పెట్టండి

విజయవాడలో నీడ గడియారం చేద్దామనుకున్న ప్రతివాళ్లూ ముందు దక్షిణం గోడ వెతుక్కుంటారు, నెట్‌లో కనిపించే ఫొటోలన్నీ చలి దేశాల గోడలవి కాబట్టి. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు. మనం 16.5 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఆ గోడ మీద ఎండ పొడ కూడా పడదు. తూర్పు గోడైతే మధ్యాహ్నానికే డ్యూటీ దిగిపోతుంది.

వాలు పలకల్లో ఒక రకం భూమధ్యరేఖకు సమాంతరంగా నిలబడేది. గీతలన్నీ 15 డిగ్రీల ఎడంతో ఉంటాయి, గీయడం సులువే, కానీ ఆర్నెల్లు పై ముఖం, ఆర్నెల్లు కింది ముఖం చూడాలి. ఎవరు వంగి చూస్తారండీ? అందుకే నేను చేసేది రెండోదే, భూమి అక్షానికి సమాంతరంగా పడుకునే పలక.

45 సెంటీమీటర్ల వెడల్పు, 30 పొడవు ఉన్న కడప బండ, ఒక సన్న స్టీలు కడ్డీ చాలు. కడ్డీని నడి గీత మీదుగా 5 సెంటీమీటర్ల ఎత్తులో బిగించండి. దానికి రెండు పక్కలా 1.3, 2.9, 5, 8.7, 18.7 సెంటీమీటర్ల దూరంలో గీతలు. పడమర వైపువి 11 నుంచి 7 దాకా, తూర్పు వైపువి 1 నుంచి 5 దాకా. ఉత్తరం అంచు 8.5 సెంటీమీటర్లు లేపితే మన 16.5 డిగ్రీల వాలు సరిపోతుంది. జైపూర్‌లోని పెద్ద నీడ గడియారం, సమ్రాట్ యంత్రం చూసొచ్చి 27 డిగ్రీలు పెట్టేవాళ్లున్నారు, అది ఆ ఊరి అక్షాంశం!

అందరూ చెడగొట్టేది ఉత్తరం దిక్కు దగ్గర. ఫోన్ కంపాస్ వాడొద్దు. స్లాబ్ నిండా ఇనుప చువ్వలే, మూడడుగులు జరిగితే ముల్లు ఇంకో మాట చెబుతుంది. ఇంటి గోడనీ నమ్మొద్దు, వాస్తు చూసి కట్టిందైనా సరే.

పాతకాలం శంకువు పద్ధతే పట్టుకోండి. రసమట్టంతో చదును చూసిన చోట 20 సెంటీమీటర్ల పుల్ల నిలబెట్టి, దారానికి గుండు కట్టి రెండు వైపుల నుంచీ నిలువు చూడండి. పుల్ల మొదలు చుట్టూ 30 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయండి. డిసెంబరులో ఉదయం తొమ్మిదిన్నరకు అటూ ఇటూ నీడ కొస కుంచించుకుపోతూ ఆ గీతను తాకుతుంది, గుర్తు పెట్టండి. మధ్యాహ్నం మూడు లోపు మళ్లీ తాకుతుంది. రెండు గుర్తులూ కలిపితే తూర్పు పడమరలు, దానికి అడ్డంగా ఉత్తరం.

మధ్యాహ్నం మబ్బు పడితే రోజంతా వృథా, కాబట్టి 22, 26 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తాలు కూడా గీసి ఉంచండి. నీడ కొస మసగ్గా ఉంటుంది, అందుకని గుర్తులన్నీ ఒకే మనిషి పెట్టాలి. మా ఇంట్లో ఉదయం నేను, మధ్యాహ్నం మా బావమరిది పెట్టాం. పలక పీకి మళ్లీ మొదలెట్టాల్సొచ్చింది. డిసెంబరు చివరైతే మరీ మంచిది, సూర్యుడి దారి ఆ వారంలో దాదాపు కదలదు.

బిగించాక చేతి గడియారంతో పోల్చి గాభరా పడకండి. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కలో నడుస్తాయి, బెజవాడ దానికి పడమరన ఉంది. సగటున ఏడు నిమిషాలు వెనక. దానికి తోడు సూర్యుడి వేగం తేడా కలిసి, నడినీడ ఫిబ్రవరి మధ్యలో 12:22కి, నవంబరు మొదట్లో 11:51కే పడుతుంది. అది చూసి పలకను అటూ ఇటూ జరిపారో, మళ్లీ పుల్ల దగ్గరికే రావాలి.