మగ బంగాయ్ మేత మానేసిందా? మందు పోసే ముందు దవడ కింద చూడండి

చెన్నై కొళత్తూరు చేపల మార్కెట్లో బంగాయ్ కార్డినల్ అనే సముద్రపు చేపల జత కొని ఇంట్లో సాల్ట్‌వాటర్ ట్యాంకులో వేసుకున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. నిన్నటిదాకా మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) వేయగానే ఎగబడిన చేప ఇవాళ ఓ మూలకు పోయి మేత వైపు కన్నెత్తి కూడా చూడదు. వెంటనే షాపుకి ఫోన్ కొడతాం, వాళ్లు కాపర్ మందు చెప్తారు, అది పోశాక రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ పోతాయి. తీరా చూస్తే ఆ చేపకి జబ్బే లేదు, నోట్లో గుడ్లున్నాయి.

ఈ జాతిలో గుడ్లు మోసేది మగది. ఇండోనేషియాలో సులవేసి పక్కనున్న బంగాయ్ దీవులు వీటి సొంత ఊరు. అక్వేరియంల కోసం అక్కడ ఎడాపెడా పట్టేయడంతో 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. కాబట్టి ఇంట్లో పిల్లలు తేలితే అది మామూలు సరదా కాదు.

మగది తినడం లేదు

గాజుకి ముక్కు ఆనించకుండా కాస్త దూరంగా నిలబడి కింది దవడ చూడండి. గుడ్లుంటే అక్కడి చర్మం సాగి ఉబ్బుగా ఉంటుంది, నోరు పూర్తిగా మూతపడదు, పెదవుల సందులోంచి నారింజ రంగు గుడ్లు కనిపిస్తాయి, ఒక్కోటి రెండున్నర మూడు మిల్లీమీటర్లుంటుంది. ఇంకాసేపు ఓపిక పడితే, ఉన్నట్టుండి ఆవులించినట్టు నోరు తెరిచి గుడ్ల ముద్దని దొర్లించి మళ్లీ సర్దుకుంటుంది, లోపలి గుడ్లకీ ఆక్సిజన్ అందాలి కదా.

ఇదే అయితే మీరు చేయాల్సింది ఏమీ లేదు, చేయకుండా ఉండడమే కష్టం. గుడ్లు పొదగడానికి సుమారు 20 రోజులు పడుతుంది, ఆ తర్వాత కూడా పిల్లలు వారం పది రోజులు నోట్లోనే ఉంటాయి. దాదాపు నెల రోజులు పస్తే. క్యాలెండర్లో తేదీ రాసుకుని, రాళ్లు కదపడం, కొత్త చేపలు వేయడం, ఆ మూలన వల పెట్టడం అన్నీ వాయిదా వేసేయండి.

దవడ మామూలుగానే ఉండి, ఊపిరి వేగంగా తీస్తూ, ఒళ్లు నల్లబడి, తెల్లటి దారంలా మలం వేలాడుతుంటే మాత్రం అది వేరే సంగతి. సముద్రంలో పట్టి తెచ్చిన బంగాయ్‌లలో ఇరిడోవైరస్ కనిపిస్తుంటుంది, దానికి మందు లేదు, వేరే ట్యాంకులోకి మార్చడం తప్ప దారి లేదు. అందుకే నాలుగు డబ్బులు ఎక్కువైనా ట్యాంకుల్లో పుట్టిన చేపలే అడిగి కొనండి.

నాలుగు రోజులకే నోరు ఖాళీ, పిల్లలు లేవు

ఎక్కువమంది దిగాలు పడేది ఇక్కడే. గుడ్లు ఎక్కడికీ పోలేదు, మింగేసింది. తొలిచూలు మగవైతే ఇది మామూలే, రెండు మూడు సార్లు మింగాక దారిలో పడతాయి, దాని గురించి బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. ప్రతిసారీ మింగుతుంటేనే కారణం వెతకాలి.

మొదట అనుమానించాల్సింది ఆకలిని. నెల రోజులు పస్తుండాల్సిన ప్రాణి ఆ నెలకి ముందు కడుపునిండా తిని ఉండాలి. రోజుకోసారి నాలుగు ఫ్లేక్స్ రాలిస్తే సరిపోదు. ఫ్రోజెన్ మైసిస్, సన్నగా తరిగిన రొయ్య లాంటివి రోజుకి రెండు మూడు పూటలు పెట్టండి. పిల్లల్ని వదిలీ వదలగానే ఆడది మళ్లీ పక్కన చేరి ఒళ్లు వణికిస్తుంది, మగది వెన్ను కనిపించేంత చిక్కిపోయి ఉన్నా సరే ఒప్పేసుకుంటుంది. అలాంటప్పుడు మధ్యలో ఓ అడ్డుగాజు పెట్టి రెండు మూడు వారాలు మగదాన్ని మేపండి. గుడ్లు ఆలస్యమవుతాయని చూసుకుంటే అసలుకే ఎసరు.

రెండోది ఎండ. బెంగళూరు వాళ్లకి ఈ గోల తక్కువ గానీ చెన్నైలో ఏప్రిల్ దాటాక ఏసీ లేని హాల్లో ట్యాంకు నీళ్లు 31, 32 డిగ్రీలకి సునాయాసంగా పోతాయి. ఈ చేపకి 25, 26 దగ్గర హాయిగా ఉంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయానికి చేపకీ గుడ్లకీ అవసరం పెరుగుతుంది, నోటినిండా గుడ్లతో ఊపిరి ఆడక ఉమ్మేయడమో మింగేయడమో చేస్తుంది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనగలిగితే కొనండి. లేదంటే మూత తీసి నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పితే ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది, మన సముద్రపు గాలి తేమకి అంతకంటే ఆశించకండి. ఫ్యాన్ పెడితే నీళ్లు గబగబా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ట్యాంకులోనే మిగిలిపోతుంది. తగ్గినంత మేరా ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ట్యాంకర్ నీళ్లు కాదు. కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

బీచ్ నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చి పోసేవాళ్లూ ఉన్నారు. బెసంట్ నగర్ పక్కనే అడయారు నది సముద్రంలో కలుస్తుంది, నవంబరు, డిసెంబరు వానల్లో ఆ నీళ్లలో ఉప్పు ఎంతుంటుందో, ఊరి మురుగు ఎంతుంటుందో ఎవడికి తెలుసు. గుడ్లున్నప్పుడైనా ఆ సాహసం మానండి.

అసలు గుడ్లే పెట్టడం లేదు

రెండూ మగవో, రెండూ ఆడవో అయ్యుంటాయి. చూసి చెప్పడం కష్టం, మగదాని దవడ కాస్త వెడల్పు అంటారు గానీ షాపులో దాన్ని నమ్ముకుని డబ్బులు పెట్టొద్దు. చిన్నవి ఐదారు కొని పెంచండి. ఓ రోజు రెండు ఒకచోట చేరి మిగతావాటిని మూలకి తరమడం మొదలుపెడతాయి, ఆ రోజే మిగతావాటిని తీసేయాలి. రేపు చూద్దాంలే అనుకుంటే రెక్కలు చిరిగి ఒక్కొక్కటే పోతాయి.

నోరు ఖాళీ అయింది, పిల్లలు మాత్రం కనిపించలేదు

రోజుల లెక్క సరిపోయిందంటే పిల్లల్ని వదిలింది, మిగతా చేపలు తినేశాయి, లేదా ట్యాంకు నీళ్లు పొర్లి ఫిల్టర్‌కి పోయే ఓవర్‌ఫ్లోలో కొట్టుకుపోయాయి. తల్లిదండ్రుల్ని కూడా నమ్మలేం. సముద్రంలో ఇవి సీ అర్చిన్ అనే సముద్రజీవి పొడుగు ముళ్ల మధ్య దాక్కుంటాయి. నల్ల కేబుల్ టైలు ఓ ప్లాస్టిక్ బంతికి గుచ్చి నీళ్లలో పెట్టినా చాలు, పిల్లలు అందులోకే దూరతాయి. మూడు వారాలు దాటాక మగదాన్ని వేరే చిన్న ట్యాంకుకి మార్చడం ఇంకా నయం. రాత్రి లైట్లు ఆర్పాక, వల వాడకుండా, మగ్గుతో నీళ్లతో సహా ఎత్తండి, వల తగిలితే బెదిరి ఉమ్మేస్తుంది. ఆ ట్యాంకులో స్పాంజ్ ఫిల్టర్ ఒక్కటే పెట్టండి.

పిల్లలు బాగానే తింటున్నాయి, లైటు వేయగానే గిలగిల కొట్టుకుని పోతున్నాయి

పొద్దున్నే ఎవరో టక్కున స్విచ్ వేస్తారు, పిల్లలు గింగిరాలు తిరిగి అడుగున పడిపోతాయి. బెదరడం పైకి కనిపించేది, అసలు లోపం మేతలో ఉంది. పిల్లలకి మేతగా వేసే, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య)లో ఈ చేపలకి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు సరిపడా ఉండవు, వారాల తరబడి అదే పెడితే ఇలాగే జరుగుతుంది. గుడ్డులోంచి వచ్చిన వెంటనే ఆర్టీమియాకి నోరు కూడా ఉండదు, అప్పుడు ఆ కొవ్వులు పట్టించే ఎన్‌రిచ్‌మెంట్ ద్రావణం పోసినా దండగ. సుమారు 12 గంటలు ఆగాక వాటికి ఆ ద్రావణం పట్టించి, కడిగి, అప్పుడు పిల్లలకి వేయండి. ముందు గది లైటు, కాసేపాగి ట్యాంకు లైటు వేసే అలవాటు కూడా చేసుకోండి.

దీని చుట్టమైన పైజామా కార్డినల్ చేప కూడా నోట్లోనే గుడ్లు మోస్తుంది కదా, దాని పిల్లలెందుకు బతకవు అని అడుగుతారు. బంగాయ్ పిల్ల బయటికి వచ్చేసరికే తండ్రి అచ్చులో ఉంటుంది, ఆ రోజే ఆర్టీమియా తినగలదు. పైజామావి నీళ్లలో తేలాడే బొత్తిగా చిన్న లార్వాలు, వాటికి ఆర్టీమియా నోట పట్టదు, ఇంకా సన్నటి రోటిఫర్లూ కోపిపాడ్లూ లాంటి సూక్ష్మజీవుల మేత ముందే పెంచి ఉంచుకోవాలి. ఆ ఏర్పాటు లేనివాళ్లు బంగాయ్‌తో మొదలుపెట్టండి.