సైటు ఒక్క క్రోమ్‌లో చూసి వదిలేయొద్దు

కర్నూల్లో మా మామ చీరల షాపుకి సైటు చేసిచ్చినా, నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉండె, మామ ఫోన్లో తెరిస్తే ఆర్డర్ బటన్ అడ్రస్ బార్ వెనక్కి పోయింది. నేను పేజీ హైట్ 100వీహెచ్ (vh, అడ్రస్ బార్‌ని లెక్కచేయని స్క్రీన్ ఎత్తు) పెట్టింటి, 100డీవీహెచ్ (dvh, అడ్రస్ బార్ పోను అప్పటికి కనిపించే ఎత్తు) అని మారిస్తే సరిపాయ.

అందుకే చెప్తున్నా, క్రోమ్, ఎడ్జ్ రెండింట్లో చూసి అయిపోయిందనుకోవద్దు, 2020 నుంచి ఎడ్జ్ లోపల ఉండేది కూడా క్రోమ్‌కి ఆధారమైన క్రోమియమే. ఫైర్‌ఫాక్స్, సఫారీ ఇంజిన్లు (పేజీని గీసి చూపించే లోపలి ప్రోగ్రాములు) వేరే, వాటిలో తప్పకుండా తెరవండి. సఫారీ ఉండే ఐఫోన్ లేకుంటే ఎవర్నన్నా ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి, ఎందుకంటే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్‌లో ఫోన్ సైజు పెడితే సైజే మారుతుంది గానీ ఇంజిన్ మారదు.

తెలుగు హెడ్డింగులు మాత్రం ప్రతి బ్రౌజర్లో దగ్గరగా చూడండి, లైన్ హైట్ (ఒక్కో వరుసకిచ్చే ఎత్తు) తక్కువైతే "కర్నూలు"లో న ఒత్తు కింద కోసుకుపోవచ్చు, నేనైతే 1.6 (అక్షరం సైజుకి 1.6 రెట్లు) పెడతా.