వాషింగ్ మెషీన్ కింద నీళ్లు కనిపిస్తే: చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు

వానాకాలంలో బట్టలు ఆరక వాషింగ్ మెషీన్‌కు పని పెరుగుతుంది. మన ఇళ్లలో అది ఎక్కువగా బాల్కనీలోనో, వెనక వాష్ ఏరియాలోనో ఉంటుంది. అక్కడి నేల ఈ కాలంలో ఎప్పుడూ తడిగానే ఉండటం వల్ల, మెషీన్ కింద నీళ్లు చేరినా వాన జల్లేమోనని చాలా రోజులు పట్టించుకోము. కారడం చిన్న మరమ్మతుతో పోవచ్చు గాని, ఆ నీళ్లలో నిలబడి కరెంటు వస్తువును ముట్టుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే నీళ్లలో అడుగు పెట్టకముందే మెయిన్ బోర్డు దగ్గరకు వెళ్లి మెషీన్‌కు సంబంధించిన ఎంసీబీని, అంటే ఆ లైనుకు కరెంటు ఆపే చిన్న స్విచ్‌ను, దించాలి. ఏది దేనిదో తెలియకపోతే మొత్తం మెయిన్ ఆపేయాలి. గోడ మీది స్విచ్ ఒక్కటి ఆపి ఊరుకోకూడదు. కరెంటు తెచ్చే ఫేజ్ తీగ మీద ఉండాల్సిన స్విచ్‌ను, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ మీద బిగించిన పాత ఇళ్లు ఉన్నాయి, అలాంటి చోట స్విచ్ ఆపినా మెషీన్‌లోకి కరెంటు వస్తూనే ఉంటుంది. ఆ తర్వాత నేల తుడిచి, చేతులు ఆరబెట్టుకుని, రబ్బరు చెప్పులతో వెళ్లి ప్లగ్ తీసి, కుళాయి కట్టేయాలి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే, వానలు మొదలయ్యే ముందే దాని టెస్ట్ బటన్ నొక్కి, అది పడిపోతున్నదో లేదో చూసుకోవడం మంచిది. మెషీన్‌ను ముట్టుకున్నప్పుడు ఎప్పుడైనా జివ్వుమని ఉంటే, నీటి సంగతి పక్కనపెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించాలి. ఇంట్లో పనిచేసే ఆమెకు కూడా ఇవన్నీ తప్పకుండా చెప్పండి. తడి నేల మీద మెషీన్ దగ్గర ఎక్కువసేపు ఉండేది చాలా ఇళ్లలో ఆమే.

నీరు ఎక్కడి నుంచి కారుతున్నదో తెలుసుకోవడానికి, ఎప్పుడు కారుతున్నదో గమనించడం కన్నా మంచి మార్గం లేదు. మెషీన్ ఆపి ఉన్నా కారుతుంటే కుళాయి, దానికి బిగించిన పైపు, లేదా లోపల నీళ్లను వదిలి ఆపే ఇన్‌లెట్ వాల్వ్ కారణం. నీళ్లు నిండేటప్పుడు కారితే పైపు చివర్లలోని వాషర్లను చూడాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అక్కడ తెల్లటి ఉప్పు పేరుకుని, వాషర్ గట్టిపడి పగులుతుంది. కొత్త వాషర్ వేసి చేత్తోనే బిగించండి, పానా పట్టి బలంగా తిప్పితే ప్లాస్టిక్ మర పగులుతుంది. ఉతికేటప్పుడు తలుపు కింది నుంచి కారితే, ఫ్రంట్ లోడ్ మెషీన్ అయినట్లయితే తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ మడతలో వేలు పెట్టి తిప్పి చూడాలి, అక్కడ తరచుగా హెయిర్‌పిన్నో పిల్లల సాక్సో దొరుకుతుంది. చేత్తో ఉతికే పౌడర్ వేసినా నురుగు పొంగి బయటికి వస్తుంది.

నీళ్లు బయటికి పోయేటప్పుడు మాత్రమే కారితే డ్రైన్ పైపును అనుమానించాలి. పోయిన శ్రావణంలో మా ఇంట్లో జరిగింది ఇదే. పైపును వెలుతురులోకి లాగి ఒక్కొక్క మడతా విప్పి చూస్తే, గోడవైపున్న మడతలో రెండు పంటి గాట్లు, వాటి మధ్య బియ్యపు గింజంత రంధ్రం కనిపించాయి. వాన తడికి ఎలుకలు లోపలికి చేరే కాలమది. నేను చుట్టిన టేపు రెండు వాష్‌లు కూడా నిలవలేదు కనుక, అతుకులు వేయకుండా పైపు మార్చేయమనే చెబుతాను; అడుగున ఎలుకలు దూరకుండా జాలీ కూడా పెట్టించండి.

ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ముందువైపు అడుగున ఉండే డ్రైన్ ఫిల్టర్‌ను తెరిచేటప్పుడు తొందరపడకూడదు. వేడినీళ్లతో ఉతికి ఉంటే గంటసేపైనా చల్లారనిచ్చి, పాత తువ్వాలు పరిచి, లోతు తక్కువ పళ్లెం పెట్టి, పక్కన చిన్న గొట్టం ఉంటే ముందు దాని ద్వారా నీళ్లు వంపి, ఆ తర్వాత మూతను కొద్దికొద్దిగా తిప్పాలి.

మెషీన్‌ను ఒక్కరే వంచడానికి ప్రయత్నించవద్దు. ఫ్రంట్ లోడ్ మెషీన్ 60, 70 కిలోలు ఉంటుంది. వెనక పలక విప్పడం కూడా మన పని కాదు. చాలా టాప్ లోడ్, సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో మోటారుకు ఉండే కెపాసిటర్ కరెంటును కాసేపు నిల్వ ఉంచుకుంటుంది కాబట్టి, ప్లగ్ తీసిన తర్వాత కూడా షాక్ కొట్టగలదు. టబ్ మధ్య భాగం కింది నుంచి తుప్పు రంగు చారలు దిగుతూ, స్పిన్‌లో గరగరమని శబ్దం వస్తుంటే సీలు, బేరింగ్ పోయినట్టే. మెకానిక్ వచ్చేదాకా మెషీన్ వేయకండి.

బాగుచేశాక, నేల పూర్తిగా ఆరనిచ్చి, మెషీన్ కింద పొడి న్యూస్‌పేపర్లు పరిచి, బట్టలు లేకుండా ఒకసారి నడపండి. చుక్క పడిన చోట కాగితం వెంటనే నల్లబడి చూపిస్తుంది. అంతసేపూ ఇంట్లోనే, మెలకువగా ఉండండి, కాని మెషీన్‌ను ముట్టుకోవద్దు. కాగితాలు చివరిదాకా పొడిగా ఉంటే, మళ్లీ ప్లగ్ తీసిన తర్వాతే, పైపు నలగకుండా కాస్త ఎడం ఉంచి, ఇద్దరు పట్టి దాన్ని గోడవైపు జరపవచ్చు.