అనంతపురంలో అద్దె ఇల్లు సర్దుకోవాలంటే ముందు ఫోన్ పక్కన పెట్టండి

విజయవాడ నుంచి అనంతపురం వచ్చిన కొత్తలో రాత్రిళ్లు ఫోన్‌లో అందమైన ఇళ్ల ఫోటోలు చూసి చూసి తెల్లటి కర్టెన్లు, ఒక బొచ్చు కార్పెట్ తెప్పించాను. ఆషాఢం గాలి మొదలైంది. కార్పెట్ నిండా దుమ్ము, కర్టెన్లు ఎర్రమన్ను రంగుకు తిరిగాయి, డబ్బులు గాలికి పోయాయి.

అందుకే చెప్తున్నా, మొదటి నెల ఏమీ కొనొద్దు. మంచం, పొయ్యి, ఫ్యాను ఉంటే రోజు గడిచిపోతుంది. ఏ కిటికీలోంచి ఎండ ఎప్పుడు దిగుతుందో, గాలి ఎటునుంచి కొడుతుందో ఆ నెలంతా చూసుకోండి. మా పడమటి గదికి కర్టెన్‌గా చివరికి పనికొచ్చింది మందపాటి చేనేత దుప్పటి, అదీ ముదురు రంగుది.

తర్వాత పక్కవాళ్ల ఇళ్లు చూడండి. "రామ్మా, కాఫీ తాగిపో" అంటే మొహమాటపడకుండా వెళ్లండి, ఏ యాప్‌లోనూ దొరకనివి అక్కడ కనిపిస్తాయి. పాత మిద్దె ఇళ్లలో గోడలకు గూళ్లుంటాయి, ఒక దాంట్లో దీపం, ఇంకోదాంట్లో ఇత్తడి చెంబు. అద్దె ఇంట్లో గోడ తవ్వలేం కదా, నేను ఒక పాత చెక్కపెట్టెను గోడవారగా నిలబెట్టి దాన్నే గూడు చేసుకున్నా.

ఆ ఇళ్లలోనే కాళ్లకు చల్లగా తగిలేవి కడప బండలు. బండల షాపుల్లో కోతలో మిగిలిన ముక్కలుంటాయి, అడిగి చూడండి, కొత్త బండ కంటే చవగ్గా రావచ్చు. కొలత కాగితం మీద రాసుకెళ్లి అంచులు నున్నగా కోయించుకుంటే ఇనుప స్టాండు మీద టీపాయ్ తయారు. ఇది సున్నపురాయి జాతి, నిమ్మరసమో చింతపండు పులుసో పడి ఆరిపోతే తెల్లమచ్చ మిగులుతుంది, బాత్రూమ్ యాసిడ్ మాటే ఎత్తొద్దు. వెలిసినట్టు అనిపిస్తే నాలుగు చుక్కల కొబ్బరినూనె గుడ్డకు రాసి రుద్దండి, నలుపు మళ్లీ తేలుతుంది. బరువు మాత్రం బరువే, పై అంతస్తు అయితే ఇద్దరు మనుషుల్ని మాట్లాడుకోవాలి.

రంగుల దగ్గర టెన్షన్ పడేవాళ్లు ఒక ఆదివారం లేపాక్షి వెళ్లి రండి. వీరభద్రస్వామి గుడి మండపం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలున్నాయి. మెడ నొప్పి పుడుతుంది, అయినా తొందరపడొద్దు. అందరూ కథలు చూస్తారు, మీరు బొమ్మల్లోని ఆడవాళ్ల చీరలు, వాటి అంచులు చూడండి. ఇటుక ఎరుపు, పసుపు, నలుపు, కాస్త ఆకుపచ్చ. అందులో మూడు రంగులు పట్టుకుని వచ్చి దిండు గలేబులు అవే కుట్టించాను, ఇంక దేనికీ తడుముకోలేదు. చిరిగిపోయిన ధర్మవరం పట్టుచీర ఇంట్లో ఉంటే పారేయకండి, అంచు కత్తిరించి మామూలు నూలు కర్టెన్‌కు కుట్టిస్తే సరిపోతుంది.

ఒక్క వస్తువుకే ఖర్చు పెడతామంటే నేను నిమ్మలకుంట దీపాన్నే చెప్తా. ధర్మవరం దగ్గర ఊరు, తోలుబొమ్మల వాళ్లది, 2020లో పద్మశ్రీ ప్రకటించిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. మేకతోలు పల్చగా చేసి, చిల్లులు కొట్టి, రంగులు వేసి ఇప్పుడు దీపాల షేడ్లూ చేస్తున్నారు. పగలు చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. తెర వెనక దీపం పెట్టి ఆడించే బొమ్మల పని కదా, లోపల బల్బు వెలిగితేనే రంగు లేస్తుంది. అందుకే వెలిగించి చూపించమని అడిగి కొనండి. వేడెక్కే పాత బల్బు వద్దు, చిన్న ఎల్ఈడీ పెట్టండి, తడిగుడ్డతో తుడవకండి.

మేకుల సంగతి మాత్రం సామాను దించకముందే ఓనర్ గారితో తేల్చుకోండి. మా ఓనర్ ఒక్క మేకు కూడా కుదరదన్నారు, దాంతో హాల్లో ఖాళీగా ఉన్న ఉయ్యాల కొక్కేనికే ఆ దీపం వేలాడుతోంది.