యార్డు మూసిన రోజు చార్టులో కనపడకుండా గీయడమెలా

"ఏందబ్బాయ్, శనివారం యార్డుకు సెలవు గదా, మరి రేటెట్టా తగ్గింది?"

మాచర్ల వైపు రైతు ఒకాయన ఫోన్ చేసి అడిగిన మాట ఇది. నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. తేజ, 334, బాడిగ రకాల క్వింటా రేట్లు రోజూ ఎక్సెల్‌లో ఎక్కించి, శుక్రవారం సాయంత్రం గీత గీసి మా రైతులకు వాట్సాప్‌లో పంపుతుంటాను. ఆయన చూసిన చార్టులో శుక్రవారం చుక్క నుంచి సోమవారం చుక్కకు లైను ఏటవాలుగా దిగింది. ఆ లైను శని, ఆదివారాల మీదుగానే పోయింది మరి. గుంటూరు మిర్చి యార్డుకు ఆ రెండు రోజులూ సెలవని తెలిసిన మనిషికి అనుమానం రావడంలో వింతేముంది?

ఎక్సెల్ చేసే పని ఏంటంటే, మొదటి కాలమ్‌లో తేదీలు కనపడగానే అడుగు గీతను పంచాంగంలా పరిచేస్తుంది. రేటున్నా లేకున్నా ప్రతి రోజుకూ ఒకే వెడల్పు జాగా. 2025 సంక్రాంతి చూడండి. జనవరి 11, 12 శని, ఆదివారాలు. 13 భోగి, 14 పండగ, 15 కనుమ. మా పుస్తకంలో 10వ తేదీ శుక్రవారం తర్వాత మళ్లీ రేటు పడింది 16వ తేదీ గురువారమే. చార్టులో మాత్రం ఆ అయిదు రోజులూ బారుగా ఒక ఏటవాలు గీత. అదేదో నిలకడగా సాగిన మార్కెట్టు అనుకుంటారు చూసినవాళ్లు.

దిద్దడం తేలికే. చార్టు లైన్ రకందై ఉండాలి. స్కాటర్ పెట్టుకుంటే ఈ దారి ఉండదు. అడుగున తేదీలున్న గీత మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ యాక్సిస్ తెరవండి. యాక్సిస్ టైప్ కింద మూడు ఎంపికలుంటాయి: డేటాను బట్టి ఎక్సెలే తేల్చుకునేది, టెక్స్ట్ యాక్సిస్, డేట్ యాక్సిస్. టెక్స్ట్ యాక్సిస్ నొక్కండి. అంతే, శని, ఆదివారాలు మాయం. ఎక్సెల్ ఇక తేదీని తేదీగా చూడదు, వరుసలో ఎన్నోది అని మాత్రమే చూస్తుంది. షీటులో వరుస లేని రోజుకు చార్టులో జాగా ఉండదు. గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు చార్ట్ ఎడిటర్‌లో హారిజాంటల్ యాక్సిస్ కింద లేబుళ్లను టెక్స్ట్‌గా చూడమనే టిక్కు పెట్టె ఉంటుంది. పని అదే.

అయితే టెక్స్ట్ యాక్సిస్‌తో ఒక చిక్కుంది. డేట్ యాక్సిస్ అయితే షీటులో వరుసలు ఎలా పడున్నా తేదీల క్రమంలోనే గీస్తుంది. టెక్స్ట్ యాక్సిస్‌కు ఆ తెలివి లేదు. ఉన్నది ఉన్నట్టు గీస్తుంది. మరిచిపోయిన ఒక బుధవారం రేటును నేనొకసారి అడుగున చేర్చాను. గీత చివర ఎక్కడి నుంచో తోక మొలిచింది. కాబట్టి గీసే ముందు పాత తేదీ పైకి, కొత్త తేదీ కిందికి వచ్చేలా సార్ట్ చేయండి.

ఆ సార్ట్ సరిగ్గా రావాలంటే తేదీలు నిజం తేదీలై ఉండాలి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే 03-04-2025 అని మీరు కొట్టిన ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి కూర్చుంటుంది. 13-04-2025 కొడితే పదమూడో నెల లేదు గనక ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. కనిపెట్టడానికి నేను చేసేది చిన్న పని: కాలమ్ వెడల్పు చేసి చూస్తాను. మనం అలైన్‌మెంట్ ముట్టుకోకపోతే తేదీ కుడికి జరిగి ఉంటుంది, అక్షరాలు ఎడమకు. దాంతోపాటు పక్క కాలమ్‌లో వీక్‌డే ఫంక్షన్ పెట్టి, రెండో విలువగా 2 ఇస్తాను. సోమవారం 1, శనివారం 6, ఆదివారం 7 వస్తాయి. 6, 7 ఎక్కడన్నా తగిలితే నేను తేదీ తప్పు కొట్టినట్టే.

సెలవు రోజు గడిలో సున్నా వేసే అలవాటు కొందరికి ఉంటుంది. నాకూ ఉండేది. మొదటి నెల చార్టు వారానికోసారి నేలకు దిగి లేచే రంపంలా వచ్చింది. మా షావుకారు ఫోన్‌లో చూసి "ఇదేంటయ్యా, ఈసీజీనా?" అన్నాడు. వచ్చిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలో సెలవు రోజు సున్నా రాస్తే అది నిజమే, సరుకు రాలేదు. రేటు సంగతి వేరు. ఆ రోజు రేటే లేదు, సున్నా అనడానికి వీల్లేదు. ఆ వరుసే తీసేయండి.

ఇక లేబుళ్లు. ఆరు నెలల రేట్లు పెడితే అడుగున తేదీలు ఒకదాని మీదొకటి ఎక్కి చీమల బారు అవుతుంది. ఫార్మాట్ యాక్సిస్‌లోనే లేబుళ్ల మధ్య ఎడం 5 అని ఇవ్వొచ్చు. కానీ మధ్యలో ఒక పండగ రాగానే వారాలు జరిగిపోయి, ఒకచోట సోమవారం, ఇంకోచోట బుధవారం కనపడతాయి. నేను చేసేది ఇది: తేదీ పక్కన ఇంకో కాలమ్ పెట్టి, పై వరుస నెలా ఈ వరుస నెలా ఒకటైతే ఖాళీ, వేరైతే నెల పేరు వచ్చేలా ఇఫ్ ఫార్ములా రాస్తాను. సెలెక్ట్ డేటాలోకి వెళ్లి అడుగు లేబుళ్లకు ఆ కాలమ్‌ను చూపించి, ఎడం 1 ఇస్తాను. ప్రతి నెలా యార్డు తెరిచిన మొదటి రోజు దగ్గర మాత్రం నెల పేరు కనపడుతుంది.

ఇన్ని సెలవులు దాచమని చెప్పి, ఒకటి మాత్రం దాచొద్దంటాను. యార్డుకు మే, జూన్‌లలో నెల రోజుల పాటు వేసవి సెలవులు. వాటినీ మింగేస్తే మూసే రోజు చుక్క, తెరిచిన రోజు చుక్క పక్కపక్కన పడతాయి. నెలలో వచ్చిన తేడా ఒక్క రాత్రిలో వచ్చిన దూకుడులా ఉంటుంది. అప్పటికి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పెట్టుకుని అమ్మాలా ఆగాలా అని చూస్తున్న రైతుకు అలాంటి గీత పంపకూడదు. అక్కడ రెండు ఖాళీ వరుసలు వదిలి, పైదాని లేబుల్ గడిలో "వేసవి సెలవులు" అని రాస్తాను. యాక్సిస్ టెక్స్ట్‌దే గనక అది అభ్యంతరం చెప్పదు. సెలెక్ట్ డేటాలో ఖాళీ గడులకు గ్యాప్ అని ఎంచుకుంటే గీత అక్కడ తెగుతుంది. తెగాలి కూడా.

హైదరాబాద్‌లో మా మేనల్లుడు ఇదే పని షేర్లకు పైథాన్‌లో చేస్తాడు. పైథాన్‌లో చార్టులు గీసే ప్లాట్లీ అనే సాధనంలో రేంజ్‌బ్రేక్స్ అని ఒకటుంది, శనివారం నుంచి సోమవారం దాకా కత్తిరించమంటే కత్తిరిస్తుంది. బాగానే ఉంది గానీ, 2024 జనవరి 20 శనివారం ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) పనిచేసింది, 22 సోమవారం మూతపడింది. 2023లో దీపావళి ముహూరత్ ట్రేడింగ్, అంటే పండగ నాడు శుభానికి కాసేపు మార్కెట్ తెరవడం, ఆదివారం, నవంబరు 12న జరిగింది. 2025 బడ్జెట్ రోజు శనివారమైనా మార్కెట్ తెరిచారు. వారాన్ని బట్టి కత్తిరిస్తే ఆ శని, ఆదివారాల రేట్లు డేటాలో ఉండీ చార్టులో కనపడవు, మూతపడ్డ సోమవారానికి మాత్రం జాగా మిగులుతుంది. "మామయ్యా, నీ టెక్స్ట్ యాక్సిసే నయం" అన్నాడు చివరికి. వాడికీ ఆ దారి ఉంది: ప్లాట్లీలో యాక్సిస్ రకం కేటగిరీ అని ఇవ్వడం. పైథాన్‌లోనే ఇంకో సాధనం మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అయితే తేదీల బదులు 0, 1, 2 అని వరుస సంఖ్యల మీద గీసి, లేబుళ్లు మాత్రం తేదీలుగా అతికించడం. క్యాండిల్ చార్టులకు ఎంపీఎల్‌ఫైనాన్స్ వాడితే ఏమీ చెప్పకుండానే ట్రేడింగ్ లేని రోజులను వదిలేస్తుంది.

ఏ సెలవుల జాబితా ముందుగా రాసిపెట్టుకోకుండా, రేటున్న రోజులనే గీసుకుంటూ పోవడం మా యార్డుకూ అవసరమే. సరుకు పేరుకుపోయి ఉన్నట్టుండి ఒక రోజు సెలవిచ్చేస్తే అది ఏ క్యాలెండర్‌లో ఉంటుంది?

ఇప్పుడు చార్టు నెత్తిన "యార్డు నడిచిన రోజులు మాత్రమే" అని ఒక ముక్క రాసి పంపుతున్నాను. మాచర్ల ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి అక్షరాలు ఆనట్లేదని. ఫాంట్ 14 చేశాను.